తెరచాప పడవలో దీర్ఘయాత్రకు ఆలుమగల సన్నాహం: సిక్కోలు తీరం నుంచి ఒక సమగ్ర మార్గదర్శి

శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం దగ్గరి డొంకూరు మొదలుకొని నాగావళి సముద్రంలో కలిసే కళ్లేపల్లి వరకు, ఆ పైన విజయనగరం జిల్లాలోని కోనాడ, చింతపల్లి, ముక్కాం వరకు మన తీరంలో సముద్రంతో పని లేని పల్లె కనిపించదు. అయినా మన పద్ధతిలో వేటకు వెళ్లేది మగవాళ్లు, ఒడ్డున తెప్ప కోసం ఎదురుచూసి చేపను బజారుకు చేర్చేది ఆడవాళ్లు. ఆలుమగలిద్దరూ ఒకే పడవ ఎక్కి, ఇంటికి తాళం వేసి, గాలిని నమ్ముకొని ఏళ్ల తరబడి దేశాలు తిరగడం ఈ పద్ధతికి పూర్తిగా భిన్నమైన సంగతి. అటువంటి యాత్రకు సిద్ధం కావడానికి మాకు నాలుగేళ్లు పట్టింది. ఆ క్రమాన్ని, మేము చేసిన పొరపాట్లతో సహా, ఈ రెండు జిల్లాల నుంచి బయలుదేరదలచిన దంపతులకు పనికొచ్చేలా వరుసగా రాస్తున్నాను.

ముందుగా ఒక్క విషయం చెప్పాలి, ఎందుకంటే తరువాత తీసుకునే ప్రతి నిర్ణయమూ దాని మీదే నిలుస్తుంది. ఇద్దరే ఉన్న పడవలో ఒకరు నిద్రపోతే రెండోవారు ఒంటరి నావికులు. 2017-18లో ఐఎన్‌ఎస్‌వి తారిణిలో భూమిని చుట్టివచ్చిన నౌకాదళ అధికారిణులు ఆరుగురు. వారిలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య మన తెలుగువాళ్లే. అదే పడవను 2024 అక్టోబరు 2న గోవా నుంచి తీసుకుపోయి 2025 మే 29న తిరిగి తెచ్చినప్పుడు మాత్రం అందులో ఉన్నది దిల్నా, రూపా అనే ఇద్దరు అధికారిణులే. ఆరుగురి పడవలో ఒకరు మంచాన పడితే పని పంచుకోవడానికి ఐదుగురు మిగులుతారు, ఇద్దరి పడవలో ఒక్కరే మిగులుతారు. కనుక భర్త సరంగు, భార్య వంటమనిషి అనే ఏర్పాటుతో బయలుదేరే జంట నిజానికి ఒక్క మనిషితో బయలుదేరినట్టే. ఆ సరంగుకు జ్వరం వచ్చిన రోజున పడవకు దిక్కుండదు. ఈ మార్గదర్శిలోని అన్ని అడుగుల ఉద్దేశం ఒకటే: ఇద్దరిలో ఎవరైనా సరే, రెండోవారిని ఒంటిచేత్తో రేవుకు చేర్చగలగాలి.

మొదటి అడుగు: విడివిడిగా రాసుకోవడం

పడవల బొమ్మలు చూడకముందే ఇద్దరూ వేర్వేరు గదుల్లో కూర్చొని మూడు ప్రశ్నలకు జవాబులు రాయాలి. ఎందుకు వెళ్లాలనుకుంటున్నారు, ఎంతకాలం, ఏది జరిగితే తిరిగి వచ్చేస్తారు. మా కాగితాలు కలిపి చూసుకున్నప్పుడు నేను ఐదేళ్లని రాశాను, నా భార్య రెండేళ్లని, అదీ మా అమ్మాయికి కాన్పు రాకపోతేనని రాసింది. పాతికేళ్ల కాపురంలో ఒకరినొకరం అడగని సంగతి అది. చివరికి మొదటి విడత పద్దెనిమిది నెలలకు ఒప్పుకున్నాం. ఇద్దరిలో ఎవరు ఆపమన్నా, వాదించకుండా దగ్గరి సురక్షితమైన రేవుకు పోవడమనే నియమాన్ని కూడా ఈ దశలోనే పెట్టుకోవాలి. ఇద్దరూ కలిసి కనీసం పది రాత్రులు సముద్రం మీద గడిపేదాకా ఇల్లూ తోటా అమ్మే ప్రస్తావన తేకూడదు.

రెండో అడుగు: ఇద్దరూ నేర్చుకోవడం

తెరచాప విద్య చిన్న పడవలోనే ఒంటబడుతుంది. పెద్ద పడవ తప్పును కప్పిపుచ్చుతుంది, చిన్న పడవ వెంటనే నీళ్లలో పడేస్తుంది. మనకు అందుబాటులో ఉన్న చోటు హైదరాబాదు హుస్సేన్ సాగర్. అక్కడి సెయిలింగ్ క్లబ్బుల్లో ఒక్కరు నడిపే చిన్న పడవల మీద గాలి దిశ చదవడం, గాలికి ఎదురుగా మెలికలు తిరుగుతూ ముందుకు పోవడం, తెరచాపను వదలడం, బిగించడం నేర్చుకోవచ్చు. భార్యాభర్తలు ఒకే పడవలో నేర్చుకోకపోవడం మంచిది. కలిసి కూర్చుంటే కొద్దిగా ముందున్నవారు చుక్కాని పట్టుకుంటారు, రెండోవారు ఆ ప్రయాణం పొడుగునా తాళ్లు లాగే కళాసీగానే మిగిలిపోతారు. మేమూ మొదటి నెల ఆ పొరపాటు చేశాం.

తరువాతి మెట్టు కొచ్చి, గోవా వంటి చోట్ల పెద్ద పడవ మీద, ఆపైన రాత్రి ప్రయాణం ఉన్న రెండు మూడు రోజుల యాత్రలో సిబ్బందిగా. దీనితోపాటు సముద్రంలో ఢీకొనకుండా పాటించవలసిన అంతర్జాతీయ నియమాలను బడి పిల్లల్లా వల్లె వేయాలి. ఎడమవైపు ఎరుపు, కుడివైపు ఆకుపచ్చ, వెనక తెలుపు అని తెలిసినంత మాత్రాన చాలదు. చీకట్లో కనిపిస్తున్న రెండు దీపాలను బట్టి ఆ ఓడ ఎటు పోతున్నదో, దారి ఎవరు ఇవ్వాలో పది క్షణాల్లో చెప్పగలగాలి.

మన తీరంలోనూ నేర్చుకునేది ఉంది. బందరువానిపేటలోనో భావనపాడులోనో తెల్లవారుజామున నిలబడి, కెరటాల మధ్య విరామం చూసి తెప్పను ఎప్పుడు తోస్తారో గమనిస్తే పుస్తకాల్లో దొరకని సంగతులు తెలుస్తాయి. తూర్పు ఆకాశం చూసి గాలి ఎప్పుడు తిరుగుతుందో చెప్పే పెద్దలు ప్రతి పల్లెలో ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. వారి మాటను ఫోనులోని వాతావరణ సూచనతో పోల్చి ఆరు నెలలు చిట్టా రాసుకోవడం నా దృష్టిలో ఏ శిక్షణకూ తీసిపోదు.

చివరి పరీక్ష ఒకటుంది. ఒక రోజంతా ఒకరు ఏ పనీ చేయకుండా, ఒక్క మాటా మాట్లాడకుండా కూర్చోవాలి. రెండోవారు ఒక్కరే లంగరు ఎత్తి, తెరచాప విప్పి, చుట్టూ తిప్పి, మళ్లీ లంగరు వేయాలి. మరుసటి రోజు పాత్రలు మార్చుకోవాలి. మాట్లాడకుండా కూర్చోవడం పడవ నడపడం కంటే కష్టమని నాకు ఆ రోజే తెలిసింది.

మూడో అడుగు: పడవ ఎంపిక

ఇద్దరికి 10 నుంచి 12 మీటర్ల పొడవున్న, ఒకే తెరచాప కొయ్య ఉన్న ఫైబర్ పడవ సరిపోతుంది. అంతకంటే పెద్దదైతే తెరచాప బరువు ఒంటరి మనిషికి లొంగదు. చిన్నదైతే నీళ్లకూ సరుకుకూ చోటుండదు. ఇద్దరిలో బలం తక్కువ ఉన్నవారు ఒంటిచేత్తో మెయిన్‌సెయిల్, అంటే పెద్ద తెరచాప, ఎక్కించి దింపగలిగినదే మీ పడవ అని కొలత పెట్టుకోవాలి.

ఎక్కడ కొనాలన్నది డబ్బు ప్రశ్న. మన దేశంలో పాత యాత్రా పడవల బజారు చాలా చిన్నది. కొత్తది కొందామంటే 2025 సెప్టెంబరు 22 నుంచి విహార నౌకల మీద జీఎస్టీ 40 శాతమైంది, బయటి నుంచి తెస్తే దానికి దిగుమతి సుంకం తోడవుతుంది. అందుకే చాలామంది కన్ను మలేసియాలోని లంకావీ మీద పడుతుంది. 1987 నుంచి అది సుంకం లేని దీవి. యాత్ర ముగించుకున్న పాశ్చాత్యులు అక్కడా, థాయిలాండ్‌లోని ఫుకెట్‌లోనూ తమ పడవలను అమ్మి విమానమెక్కుతుంటారు. రిజర్వు బ్యాంకు ఉదారీకృత చెల్లింపుల పథకం కింద ఒక్కొక్కరు ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల వరకు విదేశానికి పంపుకోవచ్చు కనుక, ఇద్దరి పేరునా కొనే దంపతులకు ఆ హద్దు అడ్డు కాదు. కొన్న ధరలో పదో వంతు ఏటా మరమ్మతులకు పోతుందని నావికులు లెక్క వేసుకుంటారు. మొదటి ఏడాది అంతకు రెట్టింపు పక్కన పెట్టుకోమని నా సలహా.

ఏది కొన్నా, అమ్మేవాడితో సంబంధం లేని సర్వేయరు చేత పడవను ఒడ్డుకెక్కించి పరీక్ష చేయించకుండా బయానా ఇవ్వకూడదు. పడవ ఏ దేశపు జెండా కింద నమోదవుతుందో కూడా కొనకముందే తేల్చుకోవాలి.

పడవను మన ఊరి దగ్గర ఉంచుకోవాలన్న కోరికను మాత్రం వదులుకోవాలి. ఇటువంటి పడవ కీలు, అంటే అడుగున బిగించిన బరువైన రెక్క, నీళ్లలోకి మీటరున్నర నుంచి రెండు మీటర్లు దిగి ఉంటుంది. వంశధార, నాగావళి ముఖద్వారాల్లోని ఇసుకమేటలు ఏటా చోటు మారుస్తుంటాయి. కళింగపట్నం ఒకప్పుడు పేరున్న రేవే, కానీ ఆ పాత వైభవం చూసి కీలున్న పడవను అక్కడికి తెస్తే ఇసుకలో కూరుకుపోవడమే మిగులుతుంది. మనకు ఆధారం విశాఖపట్నం రేవు. పశ్చిమ తీరంలోనైతే కొచ్చి బోల్గాట్టి దీవిలోని మరీనా.

నాలుగో అడుగు: పడవను సిద్ధం చేయడం

ఎక్కువ డబ్బు, ఎక్కువ కాలం తినేది ఈ దశే. కొత్త తెరల కంప్యూటరు పరికరాల మీదికి మనసు పోతుంది. ముందు చూడవలసినవి మాత్రం కంటికి ఆనని చోట్లు. కొయ్యను నిలబెట్టే స్టీలు తీగలను పది, పన్నెండేళ్లకొకసారి మొత్తంగా మార్చాలి. పడవ అడుగున నీటి గొట్టాలున్న ప్రతి రంధ్రం పక్కనా, ఆ రంధ్రానికి సరిపోయే మెత్తటి కర్ర బిరడాను తాడుతో కట్టి వేలాడదీయాలి. చుక్కాని విరిగితే దేనితో నడపాలో ముందే తేల్చుకొని, ఆ అత్యవసర ఏర్పాటుతో ఒక పూట నిజంగా నడిపి చూడాలి. మా పడవలో అత్యవసర చుక్కాని పిడి ఉండనే ఉంది, కానీ అది బిగించే చోటికి అడ్డంగా మంచం చెక్క వచ్చింది. సముద్రం మీద తెలియవలసిన సంగతి జెట్టీ దగ్గరే బయటపడింది.

లంగరు విషయంలో పిసినారితనం పనికిరాదు. 11 మీటర్ల పడవకు 20 కిలోల లంగరు, 10 మిల్లీమీటర్ల మందం గల గొలుసు 60 మీటర్లు ఉండాలి. నీటి లోతుకు పడవ ముక్కు ఎత్తు కలిపి, దానికి ఐదు రెట్లు గొలుసు వదలాలి. ఐదు మీటర్ల నీళ్లు, ముక్కు ఎత్తు 1.2 మీటర్లు అయితే 31 మీటర్లన్న మాట. గాలి ముదిరితే ఏడు రెట్లు వదలాలి. లోతును పోటు సమయానికి లెక్క వేయాలి. విశాఖలో పెద్ద పోటు రోజుల్లో నీరు సుమారు మీటరున్నర పెరుగుతుంది. లంగరు ఎత్తే యంత్రం చెడిపోయిన రోజున చేత్తో లాగవలసి వస్తుందని గుర్తుంచుకొని ఒకసారి చేత్తోనూ లాగి చూడాలి.

విద్యుత్తుకు కాగితం మీద లెక్క కట్టాలి. 12 వోల్టుల పద్ధతిలో చుక్కానిని నడిపే ఆటోపైలట్ మూడు యాంపియర్లు తీసుకుంటే రోజుకు 72 యాంపియర్ గంటలు, ఫ్రిజ్ 45, దిక్సూచి తెర, రేడియో, చుట్టుపక్కల ఓడలను చూపే ఏఐఎస్ కలిపి 36, దీపాలూ ఫోనులూ 22. వెరసి రోజుకు 175 యాంపియర్ గంటలు, అంటే దాదాపు 2.1 యూనిట్లు. నాలుగు వందల వాట్ల సౌర ఫలకాలు మన ఎండలో మంచి రోజున 1.6 నుంచి 2 యూనిట్లు ఇస్తాయి. మబ్బు పట్టిన రోజున అందులో సగం కూడా రాదు. అందుకని గాలితోనే పనిచేసే చుక్కాని యంత్రం, అంటే విండ్‌వేన్, బిగించుకుంటే 72 యాంపియర్ గంటల ఖర్చు పోతుంది, రాత్రింబవళ్లు జీతం అడగని మూడో కళాసీ దొరుకుతాడు. మాది చిన్న ఫ్రిజ్. దాన్నీ ఆపేసి బతకగలమా అని ఇంట్లో నెల రోజులు ఫ్రిజ్ ఆపి చూశాం. పాలపొడికి అలవాటు పడితే బతకవచ్చు.

వంట గ్యాసు సంగతి విడిగా చెప్పాలి. ఎల్‌పీజీ గాలి కంటే బరువైనది. ఇంట్లో లీకైతే కిటికీ తెరిస్తే చాలు, పడవలో లీకైతే అడుగున చేరి ఒక్క నిప్పురవ్వకు పేలుతుంది. 14.2 కిలోల బండను లోపల పెట్టే ఆలోచనే రానీయకూడదు. చిన్న సిలిండరును పైన, అడుగు రంధ్రం సముద్రంలోకి తెరుచుకునే ప్రత్యేక అరలో ఉంచి, వంట అయిన ప్రతిసారీ సిలిండరు దగ్గరే గ్యాసు ఆపేయాలి.

ఐదో అడుగు: కాగితాలు, అనుమతులు

భారతీయ నమోదు కోసం విశాఖపట్నంలోని మర్కంటైల్ మెరైన్ విభాగాన్ని సంప్రదించాలి. పడవలోని వీహెచ్‌ఎఫ్ రేడియోకు కేంద్ర టెలికాం శాఖ అనుమతి కావాలి. ప్రమాదంలో ఉపగ్రహానికి సంకేతమిచ్చే 406 మెగాహెర్ట్జ్ ఈపీఐఆర్‌బీని, మన దేశపు సంకేతంతో ఉన్నదైతే, బెంగళూరులోని భారత మిషన్ కంట్రోల్ కేంద్రంలో నమోదు చేయించాలి. నమోదులో ఒడ్డున ఉన్న ఇద్దరి ఫోను నంబర్లు ఉండాలి. వారిలో ఒకరైనా అర్ధరాత్రి ఫోను ఎత్తేవారు కావాలి. అనుమతి లేని శాటిలైట్ ఫోనుగానీ, ఉపగ్రహ సందేశ పరికరంగానీ మన దేశంలో దగ్గర ఉంచుకోవడమే నేరం. విదేశాల్లో బజారులో అమ్ముతారు కదా అని తెచ్చుకొని చిక్కుల్లో పడినవాళ్లున్నారు.

సముద్రపు సరిహద్దులను తెర మీద గీత గీసి పెట్టుకోవాలి. గుజరాత్‌లోని వెరావల్ బోట్లలో పనికి వెళ్లిన మన రెండు జిల్లాల మత్స్యకారులు 2018 చివర పాకిస్తాన్ చేతికి చిక్కి, 2020 జనవరిలో గానీ ఇళ్లు చేరలేదు. ఆ నెలల్లో మన తీర గ్రామాల్లో ఉన్న దుఃఖం చూసినవారికి నీళ్ల మీద గీత కనిపించదన్న మాట ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. అండమాన్లకు ఉత్తరాన ఉన్న కోకో దీవులు మయన్మారువని, ఉత్తర సెంటినెల్ దీవికి ఐదు నాటికల్ మైళ్ల (సుమారు 9 కిలోమీటర్ల) లోపు పోవడం నిషిద్ధమని ముందే గుర్తు పెట్టుకోవాలి.

వీసాల విషయంలో భారతీయ పాస్‌పోర్టుకు ఉన్న ఇబ్బందిని తక్కువ అంచనా వేయవద్దు. విమానంలో వచ్చేవారికి ఇచ్చే సడలింపు సొంత పడవలో వచ్చేవారికి కూడా ఉంటుందని అనుకోకుండా, ఆ దేశపు రాయబార కార్యాలయం నుంచి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోవాలి. యూరపు షెంగెన్ వీసాకు ప్రయాణానికి ముందటి ఆరు నెలల లోపు మాత్రమే దరఖాస్తు తీసుకుంటారు. దారిలో ఏడాది గడిపి అటు చేరే నావికులకు ఇదొక చిక్కుముడి. దానికోసం మధ్యలో ఒకసారి విమానంలో ఇంటికి వచ్చే ఖర్చు లెక్కలో వేసుకోవాలి.

ఆరో అడుగు: ఆరోగ్యం

ఉద్దానం వైపు నుంచి వెళ్లేవారు, అంటే కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాలవారు, బయలుదేరే ముందు రక్తంలో క్రియాటినిన్ పరీక్ష తప్పక చేయించుకోవాలి. మన దగ్గర కారణం తేలని మూత్రపిండాల జబ్బు ఎంత మౌనంగా వస్తుందో ఇంటింటికీ తెలుసు. సముద్రం మీద వాంతులతో, ఎండతో ఒంట్లో నీరు తగ్గుతుంది. ఒళ్లునొప్పులకు విరివిగా మింగే మాత్రల్లో చాలా రకాలు మూత్రపిండాలకు హాని చేసేవే. మందుల పెట్టెలో ఏ నొప్పి మాత్ర ఉండాలో వైద్యుడి చేత రాయించుకోవాలి. పళ్లు చూపించుకోవడం, రెండు జతల కళ్లద్దాలు పెట్టుకోవడం, కుట్లు వేయడం, విరిగిన ఎముకకు కట్టు కట్టడం ఇద్దరూ నేర్చుకోవడం కూడా ఈ దశలోనే కావాలి.

కడుపులో తిప్పడం చాలామందికి మొదటి మూడు రోజులే. మాత్రను వాంతి మొదలయ్యాక కాదు, రేవు వదలడానికి ముందే వేసుకోవాలి. ఏ మాత్ర ఎవరికి మగత తెస్తుందో ఒడ్డునే వేసుకొని తెలుసుకోవాలి, లేకపోతే కాపలాలో ఉన్నవారే నిద్రపోతారు.

మనిషి నీళ్లలో పడటం జంటకు అన్నిటికంటే పెద్ద ముప్పు. పడినవారిని పైకి లాగడానికి ఒక్కరే మిగులుతారు, తడిసిన మనిషిని ఒక్కరు లాగలేరు. కనుక రాత్రి అయినా, ఒంటరిగా ఉన్నా, గాలి పెరిగినా, నడుముకు కట్టిన తాడు పడవ పొడుగునా బిగించిన పట్టీకి తగిలించకుండా పైకి రాకూడదు. ఈ నియమానికి మా పడవలో మినహాయింపు లేదు, మూత్రానికి లేచినప్పుడు కూడా. తెరచాప తాళ్లనే కప్పీల మీదుగా తిప్పి, బరువు కట్టిన సంచిని నీళ్లలోంచి ఎత్తడం ఇద్దరూ విడివిడిగా సాధన చేయాలి. మా ఇంటావిడ 70 కిలోల బియ్యపు మూటలను పైకి ఎత్తిన రోజున నాకు నిజంగా ధైర్యం వచ్చింది.

ఏడో అడుగు: తిండి, నీళ్లు

ఇందులో మనకు పాశ్చాత్యుల కంటే సులువు ఎక్కువ. నిల్వ ఆహారం మన వంటింటి సొత్తు. మూత బిగిసే ప్రెషర్ కుక్కరు ఊగే పడవలో అన్నిటికంటే క్షేమమైన గిన్నె. పులుసు ఒలికి కాళ్లు కాలే ప్రమాదం దానితో తగ్గుతుంది. కుక్కరులో పప్పూ బియ్యం కలిపి వండి, లోతైన గిన్నెలో చెంచాతో తినేలా ఉంచుకోవాలి. చోడిపిండి (రాగిపిండి) తక్కువ గ్యాసుతో అంబలి అవుతుంది, కడుపులో తిప్పుతున్నప్పుడు కూడా నిలుస్తుంది. అటుకులు, పలాస జీడిపప్పు, బెల్లం, ఊరమిరపకాయలు, వడియాలు, భీమాలి మామిడి తాండ్ర కాపలా సమయంలో చేతికందే డబ్బాల్లో ఉండాలి. తాజా కూరగాయలు అయిపోయాక సి విటమినుకు నిమ్మకాయలు, మొలకెత్తించిన పెసలు ఉండనే ఉంటాయి. ఎండు నెత్తళ్లు తీసుకుపోవచ్చు కానీ మూసిన కేబిన్‌లో వాటి వాసన మూడో రోజుకు కాపురాన్ని పరీక్షిస్తుంది.

అట్టపెట్టెలు పడవలోకి తేకూడదు. బొద్దింకల గుడ్లు వాటి మడతల్లోనే వస్తాయి. బియ్యంలో ఎండు వేపాకు వేయాలి. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ వైపు వెళ్లేవారు తాజా పండ్లు, మొలకెత్తే గింజలు, తేనె వంటివి రేవులో స్వాధీనం చేసుకుంటారని తెలిసి ముందే తినేసి ఖాళీ చేయాలి.

తాగడానికి, వంటకు మనిషికి రోజుకు నాలుగు లీటర్లు. ఇద్దరికి ఆరు రోజుల దారికి 48 లీటర్లు చాలుననిపిస్తుంది. నేను దానికి మూడింతలు పెడతాను, అందులో కొంత విడిగా 20 లీటర్ల డబ్బాల్లో. పెద్ద ట్యాంకు ఒక్కటే అయితే ఒక్క చీలికతో అన్ని నీళ్లూ పోతాయి.

ఎనిమిదో అడుగు: ఇంటి వ్యవహారాలు

బ్యాంకు ఓటీపీ వచ్చే సిమ్ము విదేశంలోనూ పనిచేసేలా రోమింగు పెట్టించి, రీచార్జి బాధ్యత ఒడ్డున ఒకరికి అప్పగించాలి. పింఛనుదారులు నవంబరులో ఇచ్చే జీవన ప్రమాణ పత్రాన్ని ఫోనులో ముఖం చూపించి పంపే వీలుంది. ఆ యాప్‌ను ఇంటి దగ్గరే ఒకసారి వాడి చూసుకోవాలి. కొబ్బరి, జీడి తోటలున్నవారు కౌలు కాగితం రాసి, తుపాను వస్తే నష్టపరిహారం దరఖాస్తు ఎవరు పెట్టాలో కూడా అందులో చేర్చాలి. 2018లో తిత్లీ తుపాను తరువాత కాగితాలు చేతిలో లేని యజమానులు పడ్డ పాట్లు ఉద్దానంలో అందరికీ తెలుసు. వీలునామా, పవర్ ఆఫ్ అటార్నీ, నామినీ పేర్లు సరిచూసుకోవాలి. ముసలి తల్లిదండ్రులున్నవారు ఎవరి దగ్గర ఉంటారన్నది వారినే అడిగి తేల్చాలి, వారి తరఫున మనం నిర్ణయించుకొని కాదు.

తొమ్మిదో అడుగు: కాలం ఎంచుకోవడం

బంగాళాఖాతంలో తుపానుల కాలాలు రెండు: నైరుతికి ముందు ఏప్రిల్, మే, తరువాత అక్టోబరు నుంచి డిసెంబరు. తిత్లీ 2018 అక్టోబరు 8న వాయుగుండంగా మొదలై 11 తెల్లవారేసరికి పలాస దగ్గర తీరం దాటింది. గులాబ్ ఆ కాలానికి ముందే, 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గరికే వచ్చింది. మూడు రోజుల వ్యవధిలో మన పడవ రోజుకు 120 నాటికల్ మైళ్ల చొప్పున 360 మైళ్లు పోగలదు, అదీ గాలి కలిసి వస్తే. తుపాను నుంచి పారిపోవడం చిన్న పడవ వల్ల అయ్యే పని కాదు, తుపాను లేని నెలలో వెళ్లడం ఒక్కటే ఉపాయం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కనుక సముద్రం ఖాళీగా ఉంటుంది, వలల బెడద ఉండదు అని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. సముద్రం ఖాళీగా ఉన్నది మన సౌకర్యం కోసం కాదు.

జనవరి రెండో వారం నుంచి ఫిబ్రవరి చివరి వరకు ఈశాన్య గాలి నిలకడగా వీస్తుంది. విశాఖ నుంచి అండమాన్లకు దిశ ఆగ్నేయం కనుక గాలి ఎడమ పక్కనుంచి తగులుతుంది. తెరచాప పడవకు అది ఇష్టమైన కోణం. శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కు నేరుగా సుమారు 650 నాటికల్ మైళ్లు. కానీ ఆ ఊరు దీవులకు తూర్పు వైపున ఉంది. పడమటి నుంచి వచ్చే పడవ రట్లాండ్ దీవికీ చిన్న అండమాన్‌కూ మధ్యనున్న డంకన్ జలమార్గం గుండా చుట్టి పోవాలి కనుక దారి 700 మైళ్లకు చేరుతుంది. ఐదు నాట్ల వేగంతో, అంటే గంటకు ఐదు నాటికల్ మైళ్ల చొప్పున, ఆరు రోజులు. అక్కడి నుంచి ఫుకెట్ మరో 400 మైళ్లు. మార్చి చివరికి అక్కడికో లంకావీకో చేరుకుంటే ఏప్రిల్, మే తుపానుల దారి తప్పించుకున్నట్టే.

వాతావరణ శాఖ విశాఖపట్నం తుపాను హెచ్చరికల కేంద్రం సూచనలూ, హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల, ఉబ్బుకెరటాల సూచనలూ బయలుదేరే ముందు పది రోజులు రోజూ చూసి, నిజంగా వీచిన గాలితో పోల్చుకోవాలి. పడవలో గాలి పీడనం చూపే బారోమీటరు ఉండాలి. మన అక్షాంశాల్లో పీడనం రోజూ ఉదయం పది, రాత్రి పది గంటలకు ఎక్కువగా, తెల్లవారుజామున నాలుగు, సాయంత్రం నాలుగుకు తక్కువగా ఉంటుంది. ఆ ఒడిదుడుకు సుమారు మూడు హెక్టోపాస్కల్స్. దాన్ని తీసేసి చూసినా ఆ కాలపు సగటు కంటే మూడు తగ్గితే అనుమానించాలి, ఐదు తగ్గితే తుపాను దగ్గరలో ఉందనే అనుకోవాలి. గాలికి ఎదురుగా నిలబడితే అల్పపీడన కేంద్రం మన కుడిచేతి వైపు, కొద్దిగా వెనక్కి ఉంటుంది.

పదో అడుగు: బయలుదేరడం, మొదటి రాత్రులు

తీర రక్షక దళానికి ప్రయాణ వివరం, పడవ ఫోటో, ఇద్దరి పేర్లు, చేరవలసిన తేదీ రాసి ఇవ్వాలి. ఆపదలో ఒడ్డున ఉన్నవారు పిలవవలసిన నంబరు 1554. సాయంత్రం కాకుండా తెల్లవారుతూనే రేవు వదలాలి, చీకటి పడేలోపు తీరపు వలలు, దీపం లేని తెప్పలు వెనక్కి పోవాలి.

రాత్రి కాపలాకు ఏడు నుంచి పది, పది నుంచి ఒంటి గంట, ఒంటి గంట నుంచి నాలుగు, నాలుగు నుంచి ఏడు అని నాలుగు భాగాలు చేసుకుంటే ఒక్కొక్కరికి మూడేసి గంటల నిద్ర రెండు సార్లు దొరుకుతుంది. కాపలావారు పదిహేను నిమిషాలకు మించి తల దించకూడదు. ఇరవై నాట్ల వేగంతో వచ్చే ఓడ, మన ఐదు నాట్లతో కలిపి, ఏడు మైళ్ల దూరాన్ని పదిహేడు నిమిషాల్లో మింగేస్తుంది. చీకటి పడకముందే తెరచాపకు ఒక మడత కుదించాలి, గాలి లేకపోయినా సరే. అర్ధరాత్రి గాలి పెరిగాక కుదించడానికి రెండోవారిని నిద్ర లేపితే ఆ రాత్రికి ఇద్దరూ అలసిపోతారు. ఏ అనుమానం వచ్చినా లేపవలసిందే, లేచినవారు విసుక్కోకూడదు. ఈ ఒప్పందం రేవులోనే నోటి మాటగా చేసుకోవాలి.

డంకన్ మార్గంలో చిన్న దీవులు, దిబ్బలు ఉన్నాయి కనుక దాన్ని పగటి వెలుగులోనే దాటాలి. లెక్క తప్పి చీకట్లో చేరువైతే ముందున్న తెరచాపను గాలికి వెనుకవైపు నుంచి పట్టేలా కట్టి, చుక్కానిని ఎదురు తిప్పి, పడవను దాదాపు నిలబెట్టి తెల్లవారేదాకా తీరానికి ఇరవై మైళ్ల దూరాన ఆగాలి. మేము అలా తొమ్మిది గంటలు ఆగాం. నా భార్య ఆ కాపలాలో అంబలి కాచి, ఉదయం ఐదున్నరకు తూర్పున కొండ అంచు కనిపించాక నన్ను లేపి చుక్కాని తనే పట్టుకుంది.